క్యాబేజీ వేసే చేనుకు మైకోరైజా ప్యాకెట్ ఎందుకు?

మాలూరు, హోస్కోటె వైపు పొలాలుండి బెంగళూరులో స్థిరపడిన మనవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ చేలల్లో క్యాబేజీ మీద కాలీఫ్లవర్, దాని మీద మళ్లీ క్యాబేజీ వేయిస్తున్నారు. దిగుబడి తగ్గగానే దుకాణం నుంచి మైకోరైజా ప్యాకెట్ తెచ్చి చల్లిస్తున్నారు. ఆ డబ్బు అక్షరాలా మట్టిపాలు!

మైకోరైజా వేళ్లలో బతికే శిలీంధ్రం. వేరు చేరలేని చోటికి సన్నని పోగులు పంపి, అక్కడి భాస్వరాన్ని తెచ్చి మొక్కకు ఇస్తుంది. బదులుగా మొక్క నుంచి చక్కెర తీసుకుంటుంది. ఆ చక్కెర లేకపోతే దానికి బతుకు లేదు. రాగి, మొక్కజొన్న, కంది, అనప, టమాటా దానికి చోటిస్తాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ ఇవ్వవు. ఆ కుటుంబం స్వభావమే అంత. బీట్‌రూట్, పాలకూర కూడా దాదాపు అంతే. ఇవే వరుసగా వేస్తుంటే ఎన్ని ప్యాకెట్లు చల్లినా ఆ శిలీంధ్రం ఎవరి వేళ్లలో చేరాలి?

పైగా డీఏపీ అనే భాస్వరం ఎరువు గుప్పిస్తారు. భాస్వరం పుష్కలంగా దొరికితే రాగి అయినా సరే, శిలీంధ్రానికి చక్కెర పెట్టడం తగ్గించేస్తుంది. మిగిలిన పోగులను మట్టిని గుల్లచేసే రోటవేటర్ యంత్రం తెగ్గొడుతుంది. మట్టి రేణువులను గుత్తులుగా పట్టి ఉంచడంలో ఆ పోగులదీ పెద్ద పాత్రే. మన ఎర్రనేలలు వాన వెలిసి ఎండ కాయగానే పైన పెచ్చుకట్టడం చూస్తూనే ఉన్నాం కదా!

ఈ ప్రాంతపు పెద్దలు రాగి సాళ్ల మధ్య అనప వేసేవారు. అనప వేళ్ల బుడిపెల్లో రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టేది. రాగి పీచువేళ్లు కుళ్లి మిగతా సూక్ష్మజీవులకు మేతయ్యేవి. ఏ మొక్క వేళ్ల రసం దానిదే, ఆ రసానికి చేరే బ్యాక్టీరియా గుంపూ దానిదే. ఈ శాస్త్రం మనకు దూరమైనదేమీ కాదు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే ఆచార్య బాగ్యరాజ్ మైకోరైజాపై ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

క్యాబేజీ మానేయమని అనను. రాగి ధరతో అప్పులు తీరవని తెలుసు. కానీ రెండు క్యాబేజీ పంటల మధ్య ఒక్క కారు రాగి, అనప వేయడానికి అడ్డేమిటి? బెంగళూరులో చలికాలంలో జరిగే అనపకాయల మేళాలో జనం ఎలా ఎగబడతారో చూడండి.

నా కోపం కౌలురైతు మీద కాదు. ఏడాదికే పొలం ఇచ్చి, ఏటా కౌలు పెంచే మన మీద. వచ్చే ఏడు ఆ చేను తనదో కాదో తెలియనివాడు నేలకు మేత ఎందుకు వేస్తాడు? కనీసం మూడేళ్లకు రాసివ్వండి. రాగి, అనప వేసిన కారుకు కౌలు తగ్గించండి.