ఇంగ్లిష్ గంటలో వణుకు

‘టీచర్ నన్ను లేపబోతున్నారని తెలిస్తే చాలు, వణుకు పుడుతుంది.’ ‘నేను మాట్లాడితే తోటివాళ్లు నవ్వుతారని భయం.’ టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఎలైన్ హార్విట్జ్, మరో ఇద్దరు పరిశోధకులు 1986లో ప్రకటించిన ప్రశ్నావళిలో ఇలాంటి వాక్యాలు 33 ఉన్నాయి. పూర్తిగా ఒప్పుకుంటాను మొదలుకొని అసలు ఒప్పుకోను దాకా ఒక్కోదానికి అయిదు జవాబులు. మొత్తం స్కోరు 33 నుంచి 165 వరకు. పరాయి భాష తరగతిలో పుట్టే టెన్షన్‌ను కొలవడానికి నేటికీ ఎక్కువగా వాడుతున్నది దీన్నే.

పిరికివాడికి అన్నిచోట్లా భయమేననే వాదనను ఆ బృందం ఒప్పుకోలేదు. లెక్కల గంటలో బోర్డు దగ్గరికి పరుగెత్తే పిల్లాడే ఇంగ్లిష్ గంటలో బెంచీకి అతుక్కుపోవచ్చు. మనసులో ఉన్న మాటకీ నోటికి వచ్చే నాలుగు ముక్కలకీ మధ్య ఉండే దూరమే అతన్ని చిన్నబుచ్చుతుంది.

భాష రాకపోవడం వల్లే భయం పుడుతుంది తప్ప, భయం వల్ల భాష రాకపోవడం కాదని అమెరికా పరిశోధకులు రిచర్డ్ స్పార్క్స్, లియోనోర్ గాన్‌షో వాదించారు. తీసిపారేయదగ్గ వాదన కాదది. కానీ ఏది ముందైనా, ఒకసారి నవ్వులపాలైన పిల్ల రెండోసారి చెయ్యెత్తదు.

కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ మెకింటైర్ మరో దారి పట్టారు. మాట్లాడే మనిషిని వీడియో తీసి, వెంటనే అతనికే చూపించి, ఏ క్షణంలో ఎంత కంగారుపడ్డాడో కంప్యూటర్‌లో అతని చేతే గుర్తు పెట్టిస్తారు. ఆ గుర్తులు కలిపితే వచ్చే గీత కాసేపట్లోనే పెరుగుతుంది, తగ్గుతుంది. కావలసిన మాట తట్టనప్పుడు అమాంతం ఎగబాకవచ్చు. తప్పు దిద్దే తొందరలో టీచర్ మధ్యలో అడ్డుపడేది సరిగ్గా ఆ క్షణంలోనే.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టారు. మీడియం మార్చడానికి ఉత్తర్వు చాలు. నోరు విప్పించడానికి చాలదు. పిల్లల మార్కులతో పాటు వాళ్ల బెరుకునూ విద్యాశాఖ కొలవాలి. ఆ ప్రశ్నలు తెలుగులో ఉండాలి. ఇంగ్లిష్ అంటే భయమా అని ఇంగ్లిష్‌లోనే అడిగితే ఏం జవాబొస్తుంది? అందరి ముందూ లేపే ముందు పక్కవాడితో మాట్లాడుకునే వ్యవధి ఇవ్వడం, వాక్యం పూర్తయ్యాకే తప్పు దిద్దడం ఉపాధ్యాయ శిక్షణలో భాగం కావాలి. ప్రశ్నావళి మీద పిల్లల పేర్లు రాయించకూడదు, బడులకు ర్యాంకులివ్వడానికి దాన్ని అసలే వాడకూడదు.