‘ముందొచ్చినవారికే చోటు’ బోర్డు గారికి

ఫ్రిస్కో, టెక్సస్
మార్చి 2023

బోర్డు గారూ,

నమస్కారం. మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. మొన్న శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరప్పుడు 25 అడుగుల అద్దె ఆర్వీని, అంటే పడకలూ వంటగదీ ఉన్న బండిని, పాడ్రే ఐలాండ్ క్యాంప్‌గ్రౌండ్ గుమ్మంలో మీ ముందు ఆపి, ఇంజనైనా కట్టేయకుండా మిమ్మల్ని మూడుసార్లు చదివినవాణ్ణి. పక్క సీట్లో మా నాన్న, వెనకాల మా అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఒక రైస్ కుక్కర్. మీ కింద ఇంకో చిన్న బోర్డు వేలాడుతోంది, ‘ఫుల్’ అని. మీరేమో బోల్టులు బిగించి పాతిన పెద్దమనిషి, అదేమో కొక్కేనికి తగిలించిన చెక్క ముక్క. అయినా ఆ రోజు మాట చెల్లింది దానిదే.

తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటా. మీరు చాలా స్పష్టంగా ‘రిజర్వేషన్లు లేవు’ అన్నారు. నేను దాన్ని ‘రిజర్వేషన్ అక్కర్లేదు’ అని చదువుకున్నా. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో ఫ్రిస్కో నుంచి పాడ్రే ఐలాండ్ దాకా ఆర్వీ నడిపితేగానీ తెలియలేదు, అంటే నాలుగొందల మైళ్ళ పైమాట, గాలనుకి 9 మైళ్ళిచ్చే బండిలో.

అసలు నేను మీ జోలికి ఎందుకొచ్చానో చెప్పాలి. పిల్లలకి స్ప్రింగ్ బ్రేక్, అంటే మార్చి బడి సెలవులు, చీరాల నుంచి వచ్చిన అమ్మానాన్నలకి సముద్రం చూపించాలని కోరిక. పైన మస్టాంగ్ ఐలాండ్ స్టేట్ పార్కులో చూద్దామంటే, అక్కడ అయిదు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు. అయిదు నెలల ముందు, అంటే అక్టోబరులో, దసరా సెలవులేవో వాట్సాప్‌లో చూస్తూ కూర్చునే టైములో, మార్చిలో ఏ రాత్రి ఎక్కడ పడుకుంటామో తేల్చుకున్న మహానుభావులున్నారన్నమాట. అప్పుడు కనబడ్డారు మీరు. పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్, మలకీట్ క్యాంప్‌గ్రౌండ్, 48 సైట్లు (బండి ఆపుకుని మకాం పెట్టే చోట్లు), రాత్రికి 14 డాలర్లు, ఎదురుగా సముద్రం, రిజర్వేషన్లు లేవు. లొసుగు దొరికిందనుకున్నా. మా ఆవిడ అప్పుడే అంది, “రిజర్వేషన్ లేకుండా ఆరుగురిని వేసుకుని ఎక్కడికండీ?” అని. ప్రజాస్వామ్యం మీద ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. డబ్బున్నవాడూ లేనివాడూ, క్రెడిట్ కార్డు ఉన్నవాడూ లేనివాడూ, అందరూ ఒకే వరుసలో నిలబడే చోటు అని.

వరుసంటే నాకు అంత నమ్మకం మరి. నా గ్రీన్ కార్డు ప్రయారిటీ డేటు, అంటే ఆ వరుసలో నేను నిలబడ్డ తేదీ, 2014. ముందొచ్చినవారికే ముందు అనే సూత్రాన్ని నా అంత నిష్ఠగా పాటిస్తున్నవాడు మీకు ఆ దీవి మొత్తం మీద దొరకడు. ఏ తేదీ వాళ్ళ వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌ని ప్రతి నెలా తెరుస్తా, డేటు రెండు వారాలు ముందుకి జరిగితే మిఠాయి, వెనక్కి జరిగితే మౌనం. అలాంటి వరుసలో తొమ్మిదేళ్ళుగా నిలబడ్డవాడికి ఇసుకలో ఒక సైటు కోసం నిలబడటం ఎంతపని అనుకున్నా. కానీ ఆ వరుసలో ఎవరి నంబరు వాళ్ళకుంటుంది. మీ దగ్గర నంబరే లేదు. నాకంటే ముందు వచ్చింది ఎవరు, ఎప్పుడొచ్చారు, ఎప్పుడు పోతారు, ఏమీ తెలియదు. వస్తే ఉందో లేదో తెలుస్తుంది, రాకపోతే తెలియదు. వచ్చాక లేదని తెలిస్తే, వచ్చేశాం కదా.

సరే, ‘ఫుల్’ అన్నా లోపల ఒక చుట్టు తిరిగి చూద్దామని వెళ్ళాం. అందరూ అదే చేస్తారట. గంటకి అయిదు మైళ్ళ వేగంతో, ఎవరైనా కుర్చీలు మడుస్తున్నారా, మెట్టు లోపలికి తోస్తున్నారా అని కళ్ళప్పగించి చూస్తూ తిరగడం. గేదె తప్పిపోయిన వాళ్ళు ఊరంతా వెతుకుతారే, అలా ఉంటుంది మొహం. మూడో మలుపులో ఒక ఖాళీ సైటు కనబడింది! మా అబ్బాయి కేక పెట్టాడు. బండి తిప్పేలోగా కనబడింది, మధ్యలో ఒక మడతకుర్చీ. నీలం రంగుది, ఒక చేతికి గుడ్డ చిరిగిపోయి తాడుతో కట్టి ఉంది, కప్పు పెట్టుకునే జాలీలో ఒక తడిసిన పుస్తకం. మనిషి లేడు, బండి లేదు. కుర్చీ మాత్రం సముద్రం వైపు తిరిగి హాయిగా సేదతీరుతోంది.

మా నాన్న 32 ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరు. బండి దిగి, చేతులు వెనక్కి కట్టుకుని ఆ కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చారు. “ఏరా, ఇంత చదివి, ఇంత దూరం వచ్చి, కర్చీఫ్ వేయడం తెలియకుండా ఎట్టా బతుకుతున్నావురా?” అన్నారు. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్, అది లేకపోతే తువ్వాలు, అదీ లేకపోతే చంటిపిల్లాణ్ణి లోపలికి అందించి సీటు ఆపడం ఆయన కళ్ళెదుట 32 ఏళ్ళు జరిగింది. టికెట్ కొట్టేది ఆయనే అయినా కర్చీఫ్ విషయంలో తీర్పు చెప్పే అధికారం ఆయనకీ ఉండేది కాదట. “ముందు ఎక్కినోడిది కాదురా సీటు, ముందు గుడ్డ వేసినోడిది.” దాన్ని మీరు ఇంగ్లీషులో నున్నగా రాయించి పెట్టుకున్నారు, అంతే తేడా.

ఇక ఆ 48లో ఎవరున్నారా అని చూస్తే అర్థమైంది. మిన్నెసోటా, అయోవా, విస్కాన్సిన్ నంబరు ప్లేట్లు. చలికాలమంతా టెక్సస్ తీరంలో గడిపే రిటైరైన పెద్దలు. వింటర్ టెక్సన్స్ అంటారు వాళ్ళని. వాళ్ళకి స్ప్రింగ్ బ్రేక్ లేదు, మేనేజర్ లేడు, మంగళవారం ఉంది. మీ దగ్గర చెల్లుబాటయ్యే నోటు మంగళవారమే, బోర్డు గారూ. శుక్రవారం సాయంత్రం ఆఫీసు ముగించుకుని బయల్దేరిన ఏ బండీ మంగళవారం పొద్దున వచ్చిన బండి కంటే ముందు రాలేదు. ఇందులో ఇంకో ముచ్చట: 62 నిండినవారికి సీనియర్ పాస్ ఉంటే 14 డాలర్ల సైటు 7 డాలర్లకే. ఆ పాసు అమెరికా పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవారికీ మాత్రమే ఇస్తారు. నా డేటు కదులుతున్న వేగం చూస్తే గ్రీన్ కార్డూ సీనియర్ పాసూ నాకు ఒకే కవరులో వచ్చేట్టున్నాయి.

తర్వాత దీవి వెనక లగూనా మాడ్రే అనే ఉప్పునీటి సరస్సు వైపున్న బర్డ్ ఐలాండ్ బేసిన్‌కి పోయాం. అక్కడా మీ తమ్ముడు బోర్డే, అదే డైలాగు. విండ్‌సర్ఫింగ్ వాళ్ళు తెరచాపలు పరుచుకుని కూర్చున్నారు. గేటు దగ్గరున్న రేంజరమ్మ మాత్రం పాపం చాలా ఓపికగా చెప్పింది, బీచ్ ఉందిగా, పర్మిట్ ఉచితం, అక్కడ సైట్లకి నంబర్లే ఉండవు, ఎక్కడ ఆపుకుంటే అదే మీ సైటు అని. నిజమే, అరవై మైళ్ళ ఇసుక. టెక్సస్ లెక్కలో ఆ బీచ్ హైవే కిందికే వస్తుంది, స్పీడ్ లిమిట్ కూడా ఉంటుంది. తారు రోడ్డు అయిపోయాక మొదటి అయిదు మైళ్ళు మామూలు బళ్ళు కూడా పోతాయి, ఆ తర్వాత ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ళకే. మా నాన్న మొహం వెలిగిపోయింది. “వాడరేవులో ట్రాక్టర్లే పోతాయి ఇసుకలో, పోనీరా.” నేను మాత్రం అద్దె కాగితాలు తీశాను. పదకొండో పేజీలో, ఇసుక మీదకి తీసుకెళ్తే బీమా వర్తించదు, లాగించుకునే ఖర్చు మీదే అని ఒక్క వాక్యం. మా ఎదురుగానే ఒక పికప్పు ఇంకో పికప్పుని తాడు కట్టి లాగుతోంది. రెండోది కదల్లేదు, మొదటిది కాస్త లోపలికి దిగింది. నాన్న ఇంకేం మాట్లాడలేదు.

ఆ రాత్రి ఎక్కడ పడుకున్నామో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. వంతెన దాటి వెనక్కి వచ్చి ఒక ప్రైవేటు ఆర్వీ పార్కులో, మిగిలిన ఒకే ఒక్క చోటు, చెత్త డబ్బా పక్కన, 95 డాలర్లు. కరెంటుంది, నీళ్ళున్నాయి, పక్క బండివాళ్ళ టీవీలో ఏం వస్తోందో మాటతో సహా వినబడుతోంది. అమ్మ అడిగింది, “సముద్రం ఏదిరా?” గాలికి వాసన వస్తోందిగా అన్నాను. ఏ వాసనో అడగలేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే మళ్ళీ మీ ముందుకొచ్చాను. ఈసారి మిమ్మల్ని చదవలేదు, నేరుగా లోపలికి. మీ రహస్యం ఎవరైనా అడిగితే ఇదే చెప్తా: శనివారం రాకండి, ఆదివారం పొద్దున సెలవులైపోయినవాళ్ళు కదిలేటప్పుడు రండి, ముందే నీళ్ళు నింపుకుని మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకుని రండి, ఎందుకంటే సైట్లలో హుకప్‌లుండవు, అంటే నీళ్ళూ కరెంటూ కనెక్షన్లు, చోటు దొరికాక దాన్ని వదిలి మళ్ళీ నీళ్ళ కోసం పోవడం ఎవరివల్లా కాదు. ఒక పెద్దాయన సర్దుకుంటున్నాడు. మేం ఎదురుగా ఆపాం. ఆయన నీళ్ళ గొట్టం చుడుతున్నాడు. అలాంటి చుట్టడం నేనెక్కడా చూడలేదు. ఒక మూర పైకెత్తి, లోపల మిగిలిన చుక్కలు కారేదాకా ఆగి, గుడ్డతో ఇసుక తుడిచి, మోచేతి మీదుగా ఒక చుట్టు, మళ్ళీ ఒక మూర. మధ్యలో ఒక కొంగ వస్తే దాన్ని చూశాడు. మావైపు చూసి చెయ్యూపాడు. మా వెనకాల ఇంకో ఆర్వీ వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి. మా నాన్న తలుపు తీసుకుని దిగి, భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి, గుడ్ మార్నింగ్ అంటూనే ఆ సైటు నంబరు స్తంభానికి కట్టేశారు. పెద్దాయన పగలబడి నవ్వాడు. వెనక బండ్లు కాసేపు చూసి వెళ్ళిపోయాయి. భాష రానివాళ్ళకి కూడా అర్థమయ్యే ప్రకటన అది!

ఆ తర్వాతి సంగతులు మీకెలాగూ తెలుసు, మీ కళ్ళముందేగా. కరెంటు లేదు కాబట్టి రైస్ కుక్కరు నాలుగు రోజులూ బెంచీలా పనికొచ్చింది. స్టవ్ మీద గిన్నెలో గంజి వార్చి అమ్మ వండిన అన్నం, ఆవకాయ, కొద్దిగా ఇసుక. షవర్లో చన్నీళ్ళు. మా అమ్మాయి మొదటిరోజు ఏడ్చింది, రెండోరోజు అసలు స్నానమే మానేసింది. రేంజర్ల దగ్గర కెంప్స్ రిడ్లీ తాబేళ్ళ కథ కూడా విన్నాం. 1978 నుంచి పదేళ్ళపాటు మెక్సికో నుంచి గుడ్లు తెచ్చి, పిల్లలు బయటికి రాగానే ఇక్కడి ఇసుక మీద నడిపించి, కాస్త అలలో తడవనిచ్చి, మళ్ళీ పట్టుకుని కొన్నాళ్ళు పెంచి వదిలారట, ఇదే మా ఊరు అని వాటికి గుర్తుండాలని. 1996లో అలా పోయినవి తిరిగొచ్చి ఇక్కడే గుడ్లు పెట్టాయి. “మన సూర్యలంకకీ వస్తాయిగా తాబేళ్ళు” అంది అమ్మ. నాకు మాత్రం ఒకటే ఆలోచన, నాలుగడుగులు ఇసుకలో నడిచినందుకు శాశ్వత నివాసం. నేను ఇక్కడి ఇసుకలో ఎన్ని మైళ్ళు నడిచానో ఎవరికి చెప్పుకోవాలి?

బుధవారం పొద్దున ఒక ఆర్వీ వచ్చింది. అద్దెదే, మా బండి లాంటిదే. డ్రైవింగ్ సీట్లో ఒకాయన, పక్కన పెద్దాయన, వెనక కిటికీకి అతుక్కున్న ఇద్దరు పిల్లలు. మొదటి చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టులో మా ముందు ఆపి, కిటికీ దించి, చాలా మర్యాదగా అడిగాడు, ఇవాళ ఖాళీ చేస్తున్నారా అని. ఎనిమిదిన్నరకి బయల్దేరదామని రాత్రే అనుకున్నాం. కుర్చీలు అప్పటికే మడిచేసి ఉన్నాయి. నా చేతిలో నీళ్ళ గొట్టం ఉంది.

“ఇంకా అనుకోలేదండీ” అన్నాను.

ఆయన తల ఊపి కదిలాడు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను గొట్టం ఒక మూర పైకెత్తి, చుక్కలు కారేదాకా ఆగాను.

ఇట్లు,
31వ నంబరు సైటు (గురువారం దాకా)

తా.క.: హడావుడిలో నాన్న తువ్వాలు ఆ స్తంభానికే ఉండిపోయింది. దయచేసి విప్పించకండి, వచ్చే మార్చికి ఉంటుంది.