మామూలు రోజుల దేవుణ్ని చూసి ఆశ్చర్యపడుతున్నామా?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల సంఘాల్లో ఆదివారం ఆరాధన మధ్య సాక్ష్యాలకు సమయం ఇచ్చినప్పుడు వినబడేవి చాలావరకు ఒకే తరహా సంగతులు. డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు నయమైందని, బెంగళూరు రోడ్డు మీద పెను ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పిందని చెబుతారు. వాటికి స్తోత్రం చెల్లించవలసిందే. అయితే ఏళ్ల తరబడి అవి మాత్రమే విన్న విశ్వాసి మనసులో, దేవుడు ఆపద వేళల్లో మాత్రమే పనిచేస్తాడనీ, ఏ విశేషమూ లేని మంగళవారంతో ఆయనకు పనిలేదనీ ఒక అభిప్రాయం తెలియకుండానే పాతుకుపోతుంది. మన ఆత్మీయ జీవితం చప్పబడిపోవడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం. స్పీకర్ల హోరు పెంచితే తీరే లోటు కాదిది.

ప్రభువైన యేసు ఆశ్చర్యపడ్డాడని సువార్తలు చెప్పే సందర్భాలు రెండే. యూదుడు కాని రోమా సైనికాధికారి, శతాధిపతి విశ్వాసాన్ని చూసి ఒకసారి, సొంత ఊరైన నజరేతువాళ్ల అవిశ్వాసాన్ని చూసి మరొకసారి. నజరేతువాళ్లు మొదట ఆయన బోధకు విస్మయం చెందినవాళ్లే. ఆ వెంటనే ‘ఇతడు వడ్లవాడు కాడా’ అన్నారు. ఆయన తల్లి తెలుసు, తమ్ముళ్లు తెలుసు, ఇక తెలుసుకోవలసింది ఏముందన్న ధీమా వాళ్లది. 1853లో అమెరికన్ మిషనరీల ఆర్కాట్ మిషన్ మొదలైనప్పటి నుంచి తరతరాలుగా క్రైస్తవులైన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. నిన్నగాక మొన్న బాప్తిస్మం తీసుకున్నవారికన్నా, కీర్తనలు కంఠతా వచ్చిన మనలాంటివారికే నజరేతు జబ్బు త్వరగా అంటుకుంటుంది.

దీనికి మందు నిదానంగా చూడటం, చూసినదాన్ని గురించి తెలుసుకోవడం. తెలిసేకొద్దీ ఆశ్చర్యం తగ్గుతుందని కొందరు భయపడతారు గానీ, అనుభవంలో జరిగేది దానికి విరుద్ధం. తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట అడుగున గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ అనే మరో రకం రాతి పొరలు ఆనుకుని కనిపిస్తాయి. ఆ రెండింటి నడుమ కనీసం 50 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కూడా గుర్తించారు. (ఈ లెక్క వినగానే సృష్టి ఆరు దినాల మీద వాదనకు దిగేవారితో ఇప్పుడు నాకు పేచీ లేదు.) వేయి సంవత్సరాలు దేవుని దృష్టికి గతించిన నిన్నటి వంటివన్న 90వ కీర్తనను ఆ సంగతి తెలిసి చదివితే గొంతు దానంతటదే తగ్గుతుంది.

అంత దూరం వెళ్లకపోయినా సరే. సంక్రాంతి దాటాక చిత్తూరు చుట్టుపక్కల ఏ తోటలోనైనా మామిడి పూతను దగ్గరగా చూడండి. ఒక్కో గుత్తికి వందల కొద్దీ, ఒక్కోసారి వేల కొద్దీ పూలుంటాయి. వాటిలో చాలావరకు మగపూలు. మిగిలినవాటిలో కొన్నే పిందెలవుతాయి, ఆ పిందెల్లోనూ ఎక్కువ భాగం రాలిపోగా గుత్తికి ఒకటో రెండో కాయలు నిలుస్తాయి. పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకు చేరవేసే పనిలో పెద్ద పాత్ర ఈగలది. మనం చేత్తో విదిలించి కొట్టే ఈగల మీద ఒక జిల్లా బతుకుదెరువు ఆధారపడి ఉండటం సామాన్య విషయం కాదు. అడవిపువ్వులు ఎలా ఎదుగుతున్నాయో ఆలోచించమన్న ప్రభువు, ఇలా ఆగి చూడమనే చెప్పి ఉంటాడు. ఆదివార బడి పిల్లలచేత వాక్యాలు వల్లె వేయించే సమయంలో కొంత తగ్గించి, వాళ్లను పూత చెట్టు కిందికి తీసుకెళ్తే నష్టమేమీ లేదు.

ఇదంతా కడుపు నిండినవాళ్ల ముచ్చట అనేవారికి సమాధానం చెప్పక తప్పదు. 2025లో తోతాపురి కాయ విరగకాసింది, ధర పడిపోయింది. గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ప్రకటించినా, రైతులు ట్రాక్టర్లతో ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి పడిగాపులు కాశారు, కొందరు కాయలను రోడ్డు పాలు చేశారు. ఆ రైతు దగ్గరికెళ్లి పూత మహిమను వర్ణించడం క్రూరత్వమే. అంజూరపు చెట్లు పూయకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న హబక్కూకు ప్రవక్త ప్రార్థన ఇక్కడ నేరుగా అతకదు కూడా. ఇక్కడ చెట్టు పూసింది, కాసింది. దేవుడిచ్చింది చేతికందాక, మనుషుల లెక్కల్లో విలువ లేకుండా పోయింది. కాయ వెనక ఎంత పని జరిగిందో చూసి విస్తుపోయినవాడికే అది రోడ్డు మీద కుళ్లుతుంటే ఎక్కువ కడుపు మండాలి. కాబట్టి కోత పండుగలో బలిపీఠం ముందు మామిడికాయలు పేర్చి, వేలం పాడి ఊరుకునే సంఘం ఆ ఏడాది తన రైతులకు ధర ఎంత పలికిందో కనుక్కోవాలి, అవసరమైతే పెద్దలను ఫ్యాక్టరీ యజమానుల దగ్గరికీ కలెక్టరేట్‌కూ పంపాలి.