‘ఇంట్లోవాళ్ళ ధైర్యమే క్యాన్సర్‌కి సగం మందు’ అనే సందేశానికి జవాబు

ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: క్యాన్సర్‌కి సగం మందు ఇంట్లోవాళ్ళ ధైర్యమే. రోగి ముందు ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోకూడదు. జబ్బు పేరు రోగికి తెలియనివ్వకూడదు. ఖర్చు ప్రభుత్వం చూసుకుంటుంది కాబట్టి కుటుంబానికి వేరే దిగులు అక్కర్లేదు. కౌన్సెలింగ్ అనేది మనసు గట్టిగా లేనివాళ్ళకి. రాసినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే రాసి ఉండొచ్చు. కానీ ఇప్పటికే కుంగిపోయి ఉన్నవాళ్ళ నెత్తిన ఇది ఇంకో బరువు పెడుతోంది.

‘ధైర్యమే సగం మందు.’ దీనికి ఆధారం లేదు. తల, మెడ క్యాన్సర్లు ఉన్న 1,093 మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. మానసికంగా బాగున్నంత మాత్రాన రోగులు ఎక్కువకాలం బతకలేదని అందులో తేలింది. రోగి సొంత మనసే ఆయుష్షును పెంచనప్పుడు, పక్కన కూర్చున్న భార్య ధైర్యం గడ్డను కరిగిస్తుందని ఎలా అంటాం? జబ్బు ఏ రకం, ఏ దశలో బయటపడింది, మందులకు ఎంత లొంగింది అన్నవే ముఖ్యం. కీమో సైకిల్ తప్పకుండా తీసుకెళ్ళడం, జ్వరం రాగానే ఆస్పత్రికి పరిగెత్తడం లాంటివి నిజంగా తేడా చూపిస్తాయి. ఏడుస్తూ కూడా ఆ పనులు చెయ్యొచ్చు, చేస్తున్నారు కూడా.

ఈ మాట మీద నాకు అసలు కోపం ఎందుకంటే, మనిషి పోయాక ఇది ఇంట్లోనే ఉండిపోతుంది. ‘ఆ రోజు నేను నాన్న ముందు ఏడ్చాను, అందుకే డీలా పడిపోయారా?’ అని ఒక కూతురు ఏళ్ళ తరబడి తనను తాను నిందించుకుంటుంది. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు.

‘మీ బాధ బయటపడనివ్వొద్దు.’ దాచుకున్న బాధ ఎక్కడికీ పోదు. జబ్బుపడిన భార్యనో భర్తనో చూసుకుంటూ ఆ ఒత్తిడికి నలిగిపోయిన పెద్దవయసు వాళ్ళకి, అలాంటి బాధ్యత లేనివాళ్ళకంటే నాలుగేళ్ళలో మరణించే ముప్పు 63 శాతం ఎక్కువగా ఉందని 1999లో ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. అది ఒక్క క్యాన్సర్ కుటుంబాల గురించే కాదు, కానీ ఆ ఒత్తిడి ఇక్కడా ఉంది.

‘రోగికి జబ్బు పేరు చెప్పొద్దు.’ ఇది మన ఇళ్ళలో బాగా పాతుకుపోయిన అలవాటు. డాక్టరు గదిలోకి ముందు కొడుకు ఒక్కడే వెళ్ళి ‘అమ్మకి చెప్పకండి సార్’ అంటాడు. అమ్మకి తెలియకుండా ఉంటుందా? ఆస్పత్రి బోర్డు మీదే రాసి ఉంటుంది. జుట్టు రాలుతుంది. పక్క మంచం వాళ్ళు ‘మీది ఎన్నో కీమో?’ అని అడుగుతారు. పిల్లలు బాధపడతారని ఆమె అడగదు, ఆమె తట్టుకోలేదని పిల్లలు చెప్పరు. ఒకే గదిలో ఉండి ఎవరి భయం వాళ్ళు మోస్తుంటారు. 2008లో వచ్చిన మరో అమెరికన్ అధ్యయనంలో, చివరి దశ గురించి డాక్టరుతో మాట్లాడుకున్న రోగుల్లో డిప్రెషన్ ఎక్కువేమీ కనిపించలేదు. అన్నీ ఒక్కసారే చెప్పెయ్యమని కాదు. ‘నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందమ్మా?’ అని అడిగి, వద్దంటే ఆగాలి. ఆ నిర్ణయం ఆమెది.

‘ఖర్చు ప్రభుత్వమే చూసుకుంటుంది.’ 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ఇళ్ళను నిలబెట్టింది. అయితే ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి తోడొచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి, ఊళ్ళో వదిలొచ్చిన పిల్లల మీద బెంగ ఆ కార్డు తీర్చేవి కావు.

‘కౌన్సెలింగ్ బలహీనులకి.’ పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధల నుంచి ఊరట ఇచ్చే వైద్యం) అంటే రోగితో పాటు కుటుంబాన్ని కూడా చూసుకోవడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలోనే ఉంది. అది చివరి రోజులకే పరిమితం కాదు, చికిత్స నడుస్తుండగానే అడగొచ్చు. రెండు వారాలైనా నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలిమానస్, మనసు బాధల కోసం 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ. తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రయినా పర్లేదు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, ఆ క్షణమే చెయ్యండి, పక్కనున్నవాళ్ళకి చెప్పండి.

బంధువులకు ఒక మాట. ‘ధైర్యంగా ఉండమ్మా’ అని ఫోన్ పెట్టేసే బదులు, ‘శనివారం రాత్రి ఆస్పత్రిలో నేనుంటాను, నువ్వు ఇంటికెళ్ళి పడుకో’ అనండి. అని, వెళ్ళండి.