గ్రాముకు న్యాయం జరిగేదెప్పుడు?

అన్యాయాల్లో చిన్నవీ ఉంటాయి, పెద్దవీ ఉంటాయి. ఇది సరిగ్గా ఒక గ్రాము అన్యాయం.

1795లో ఫ్రెంచివాళ్లు, మంచు కరిగేంత చల్లదనంలో ఉన్న ఒక ఘన సెంటీమీటరు నీటి బరువును గ్రాము అన్నారు. (బరువు వేరు, ద్రవ్యరాశి వేరు అని ఫిజిక్సు మాస్టార్లు లేస్తారు. ఆ గొడవ చంద్రుడి మీదికి వెళ్లాక చూసుకుందాం.) తీరా చూస్తే అంత పిసరుకు నికరమైన తూకపు రాయి చెయ్యడం కష్టమని తేలింది. 1799లో వెయ్యి గ్రాముల ప్లాటినం దిమ్మ చేశారు. అంతే, పెత్తనం చేతులు మారింది. ఇప్పుడు గ్రామంటే ఎంతయ్యా అంటే, కిలోలో వెయ్యో వంతట! కొడుకు కడుపున తండ్రి పుట్టాడు.

ఎస్ఐ అనే అంతర్జాతీయ కొలతల పద్ధతిలో మూల ప్రమాణాలు ఏడు. మీటరు, సెకను, ఆంపియరు వగైరాలు సొంత పేర్లతోనే ఏలుతున్నాయి. పేరుకు ముందు తోక తగిలించుకుని గద్దెనెక్కింది కిలోగ్రాము ఒక్కటే. ఏలుబడి దానిది, ఇంటిపేరు గ్రాముది. మాత్రల అట్ట మీద 500 మిల్లీగ్రాములని ఉంటుంది గానీ, 500 మైక్రోకిలోగ్రాములని అచ్చువేసే ధైర్యం ఎవరికుంది?

1889లో ప్లాటినం ఇరిడియం కలిపి చేసిన కొత్త దిమ్మను పారిస్ పక్కన సెవ్ర్‌లో గాజు బుడ్ల కింద, తాళాల వెనక దాచారు. ఇంత కాపలాలోనూ, వందేళ్లు తిరిగేసరికి దానికీ దాని నకళ్లకూ సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. ఆ పరువునష్టం లెక్కగట్టడానికీ గ్రామే దిక్కయింది! 2018 నవంబర్ 16న వెర్సాయ్‌లో కొలతల ఒప్పందపు సభ్యదేశాలు కొలువుదీరాయి. తప్పు దిద్దుకోవడానికి బంగారంలాంటి అవకాశం. దిద్దారా? ప్రకృతిలో ఎప్పుడూ మారని ప్లాంక్ స్థిరాంకం అనే విలువకు ముడిపెట్టి మళ్లీ కిలోకే పట్టం కట్టారు. 2019 మే 20 నుంచి అమలు కూడా.

మనం మాత్రం తక్కువ తిన్నామా? బంగారం తూచేటప్పుడు మిల్లీగ్రాముకూ ఊపిరి బిగబడతాం. ఒంటి విషయానికొచ్చేసరికి ‘ఆ, మూడొందల గ్రాములేగా’ అని చప్పరించేస్తాం. 80 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు) ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు తూగుతుంది. ఈ వ్యాసం సరిగ్గా అలాంటి ఒక్క కాగితం మీదే రాశాను. అందులో నా సరుకు ఎన్ని గ్రాములో మీరే తేల్చుకోండి.

గ్రాము మీద గౌరవంతో ఈ ఉదయం బరువు చూసుకునే ముందు చెప్పులు విప్పాను, వాచీ తీశాను. ముల్లు కదల్లేదు. చివరికి కళ్లజోడు కూడా తీసేసి ఎక్కాను. తగ్గే ఉంటుంది. అంకె కనబడలేదు.