మెత్తటి సంకల్పానికీ ఒక సమయం ఉండాలి
కొత్త ఏడాదికి టార్గెట్లు పెట్టుకోవద్దు, "ఒంటిని కాస్త బాగా చూసుకుంటాను" లాంటి మెత్తటి సంకల్పం చాలు అని ఒక వ్యాసంలో చదివాను. టార్గెట్లు వద్దన్నంత వరకు నాదీ అదే మాట. బెంగళూరులో మా మారతహళ్లి జిమ్‌లో జనవరి మొదటి వారం ట్రెడ్‌మిల్ దొరకదు, జనం సంక్రాంతికి ఊళ్లకెళ్లి వచ్చాక సగం ఖాళీ. ఏడాది ఫీజు మాత్రం ముందే కట్టించుకుంటారు, అది వేరే సంగతి. కానీ ఊరికే "బాగా చూసుకుంటాను" అనుకుంటే ఆ మాట గాల్లో కలిసిపోతుంది. ఫలానా పని అవగానే ఇది చేస్తాను అని ముందే ముడిపెట్టుకుంటే జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లోనే రాశారు. నేను చేసేదీ అంతే. ఆఫీసు క్యాబ్ దిగగానే లిఫ్ట్ ఎక్కకుండా, కర్నూలులో ఉన్న అమ్మకి ఫోన్ కలిపి అపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతాను. ఆవిడ సీరియల్ మొదలయ్యేలోపే మాట్లాడాలి, అందుకని నడక వాయిదా పడదు. "ఏం కూర చేస్తున్నావే" దగ్గర మొదలై పక్కింటి వాళ్ల గోడ తగాదా దాకా వెళ్తుంది. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజు అదీ ఉండదు, టెన్షన్ పడను. కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టిందని, మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని లండన్‌లో చేసిన ఒక పరిశోధనలో తేలింది. మా ఆయన మాత్రం ఉగాది నుంచి మొదలెడతానంటున్నారు, అదీ కొత్త సంవత్సరమేగా అని!