వెనక బ్రేకు పట్టకపోతే నేరం షూలదేనా?

పాత డర్ట్ బైకు (మట్టి దారుల్లో నడిపే బైకు) వెనక బ్రేకు సరిగ్గా పట్టడం లేదని నోరు విప్పితే చాలు, కొత్త షూలు, అంటే చక్రం మధ్యలోని డ్రమ్‌ను లోపలి నుంచి ఒత్తి ఆపే వంపు ముక్కలు, వేయించమనే సలహా నాలుగు వైపుల నుంచీ వచ్చిపడుతుంది. సలహా ఇచ్చేవారిలో చాలామంది ఆ చక్రాన్ని కళ్లతో చూసి కూడా ఉండరు. ఆ మాట నమ్మి ఒకే బైకుకు రెండు జతల షూలు మార్చి, మూడో జత కూడా కొన్నాకే అసలు జబ్బు వేరే చోట ఉందని తెలుసుకున్నవాణ్ని కాబట్టి, కొంచెం ఘాటుగానే రాస్తున్నాను.

డ్రమ్ బ్రేకులో షూలు వరసలో ఆఖరివి. పెడల్ మీద మోపిన బలం రాడ్డు ద్వారానో కేబుల్ ద్వారానో క్యామ్ లివర్‌కు చేరి, లివర్ తిరిగి, దానితో పాటు క్యామ్ (రెండు షూల కొనల మధ్య ఉండే చదునైన ముక్క) తిరిగి, అది రెండు షూలను విడదీస్తే తప్ప షూల మీద అంటించిన లైనింగ్ డ్రమ్‌ను తాకదు. ఇన్ని చేతులు మారే బలం దారిలో ఎక్కడ కారిపోతోందో చూడకుండా చివర ఉన్న షూలనే మార్చడం, కొళాయి రాకపోతే బకెట్ మార్చినట్టు ఉంటుంది.

చక్రం విప్పకముందే చూడవలసింది ఆ లివర్ కోణం. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు రాడ్డుకూ లివర్‌కూ మధ్య కోణం ఇంచుమించు 90 డిగ్రీలు ఉండాలి, లేదా దానికి కొంచెం లోపల ఉండాలి. షూలో, డ్రమ్మో అరిగేకొద్దీ లివర్ ఇంకా ముందుకు తిరిగి ఆ కోణం దాటిపోతుంది. అక్కడి నుంచి ఎంత గట్టిగా తొక్కినా బలంలో కొంత భాగం వృథా అవుతుంది. ఇక్కడే ఒక దొంగ వైద్యం పుట్టింది: లివర్‌ను ఊడదీసి, అది కూర్చునే క్యామ్ కొన పళ్ల మీద ఒకటి రెండు పళ్లు వెనక్కి జరిపి బిగించేయడం. బయటి నుంచి కోణం ముచ్చటగా కనిపిస్తుంది. లోపల క్యామ్ మాత్రం నిలువుగా లేచే స్థితికి దగ్గరవుతుంది, అది పూర్తిగా నిలువుకు వచ్చిందంటే షూల స్ప్రింగులు దాన్ని వెనక్కి తిప్పలేవు, చక్రం పట్టేసి ఉండిపోతుంది. చాలా బైకుల్లో క్యామ్ కొన మీద ఒక చుక్క, లివర్ మీద ఒక చుక్క కొట్టి ఉంటాయి, అవి రెండూ ఎదురెదురుగా ఉండాలి. నా బైకులో మడ్డి గీకి చూస్తే వాటి మధ్య రెండు పళ్ల తేడా ఉంది. అమ్మినవారు ఆ ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.

చుక్కలు తప్పాయంటే లోపల ఏదో మితిమీరి అరిగిందని అర్థం, అది ప్రతిసారీ షూ కాదు. మట్టిలో తిరిగే బైకుల్లో ఇసుక లోపలికి చేరి ఇనుప డ్రమ్‌నే ఆకురాయిలా అరగదీస్తుంది. గరిష్ఠంగా ఎంత వ్యాసం వరకు వాడవచ్చో హబ్ (డ్రమ్ ఉండే చక్రం నడిమి భాగం) లోపల అంకె పోతపోసి ఉంటుంది. నా హబ్ మీద 131 మిల్లీమీటర్లని ఉంటే, కొలతకు 131.6 వచ్చింది. మొదటిసారి 130 వచ్చి మోసపోయాను, ఎందుకంటే డ్రమ్ అంచున షూ తగలని సన్నని గట్టు అరగకుండా మిగిలి ఉంటుంది, కొలిచే కాలిపర్ కొనలు దాని మీద నిలిచాయి. గట్టు దాటి లోపల, రెండు మూడు దిక్కుల్లో కొలవాలి. ఇంత పెద్దదైన డ్రమ్‌లో కొత్త షూ నడిమి భాగం మాత్రమే ఆనుతుంది. షూ మీద సుద్దముక్క రుద్ది, చక్రం బిగించి, ఒకసారి తిప్పి బ్రేకు నొక్కి విప్పి చూస్తే సుద్ద చెరిగిన చోటు ఆ సంగతి స్పష్టంగా చూపిస్తుంది.

గతుకుల మీద మాత్రమే బ్రేకు పట్టి వదులుతూ చక్రం ఎగిరెగిరిపడుతుంటే షూలకు దానితో సంబంధం తక్కువ. 1970ల తొలినాళ్లలో వెనక చక్రం కదలిక సుమారు 100 మిల్లీమీటర్లు ఉండేది, దశాబ్దం చివరికి మోటోక్రాస్ బైకుల్లో అది 250 దాటింది. అంత కదలికలో స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చేయి) ఒక కేంద్రం మీద, బ్రేకు పెడల్ మరో కేంద్రం మీద తిరుగుతుంటే రాడ్డు తనంతట తానే బిగిసి వదులుతుంది. షాక్ అబ్జార్బర్లు విప్పి, స్వింగార్మ్‌ను చేత్తో పైకీ కిందికీ ఆడిస్తూ క్యామ్ లివర్‌ను చూస్తే సంగతి తేలిపోతుంది. చెయిన్ బిగించడానికి చక్రాన్ని వెనక్కి జరిపి, రాడ్డు సర్దడం మరచిపోయినా బ్రేకు రాసుకుంటూ వేడెక్కుతుంది. ఇక బ్రేకు ప్లేటును ఆపి ఉంచే టార్క్ రాడ్డు బోల్టుకు పిన్ను లేకుండా నడిపేవారిని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. ఆ బోల్టు ఊడితే ప్లేటు చక్రంతో పాటు తిరిగి బ్రేకు రాడ్డును చుట్టేసుకుంటుంది.

షూలది ఎప్పుడూ తప్పు ఉండదని నేను అనను. దశాబ్దాలు అరలో ఉన్న షూలకు లైనింగ్ మందం నిండుగా ఉన్నా, దాన్ని అంటించిన జిగురు చచ్చిపోయి ఉండవచ్చు. లైనింగ్ ఊడి మధ్యలో ఇరుక్కుంటే చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. లైనింగ్ అద్దంలా మెరుస్తూ పెడల్ రాయిలా గట్టిగా ఉంటే ఎమెరీ కాగితంతో రుద్దవచ్చు గానీ, గ్రీజు పీల్చుకున్న షూను మాత్రం పారేయడమే మేలు, ముందుగా ఆ గ్రీజు ఏ బేరింగ్ సీలు నుంచి వచ్చిందో పట్టుకున్నాక. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి ఆ దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకండి, తడిగుడ్డతో తుడవండి.

బ్రేకు నొక్కినప్పుడు పెడల్ మీద పాదం లయగా పైకీ కిందికీ ఆడితే డ్రమ్ గుండ్రం తప్పింది. కొత్త రిమ్ ఎక్కించి స్పోకులు ఎగుడుదిగుడుగా బిగించినా హబ్ వంకర పోతుంది, అందుకే డ్రమ్‌ను లేత్ మీద తిప్పించేటప్పుడు స్పోకులు బిగించిన చక్రంతోనే తిప్పించాలి. చక్రం ఎక్కించేటప్పుడు యాక్సిల్ నట్టు వదులుగా ఉంచి, పెడల్ గట్టిగా తొక్కి పట్టి, అప్పుడు బిగిస్తే షూలు డ్రమ్‌లో మధ్యకు కూర్చుంటాయి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చేసేవారు అరుదు.

నేను చివరికి వేరే హబ్ వేసి, లివర్‌ను దాని చుక్క దగ్గర పెట్టాను. పనికిరావని తీసి పక్కన పడేసిన రెండో జత షూలే ఇప్పుడు అందులో ఉన్నాయి. మూడో జత పెట్టె ఇంకా విప్పలేదు.